జావా కాఫీ వెట్టి

ఉదయమున కాఫీ లేనిదే పత్రిక చేతబట్టని వారిలో మేమును జేరినవారమే. కావున త్రాగువారిని నిందింపము. అబిసీనియా కొండలలో బుట్టి యెమెను రేవులనుండి లోకమునకు బ్రాకిన యీ గింజను డచ్చివారు 17వ శతాబ్దాంతమున మన మలబారు తీరమునుండియే జావాకు గొనిపోయిరి. 1830లో గవర్నరు జనరలు వాన్ డెన్ బాష్ గ్రామభూమిలో అయిదవవంతు ఎగుమతి పంటలకు విడువవలెనని విధించెను. కాగితముపై అయిదవవంతే! కాఫీతోటలు కొండవాలులం దుండుటచే రైతు తన వరిచేను విడిచి, మైళ్లకొలది నడచి, అచట వెట్టి చేయవలసివచ్చెను. ధర కట్టునది సర్కారు, కొనునదియు సర్కారే. 1849-50లలో డెమాక్, గ్రోబోగన్ సీమలు క్షామమున మాడెను. ఆమ్‌స్టర్‌డాములో వేలములు సాగుచునే యుండెను. 1856లో లెబాకున ఉద్యోగము వదలుకొనిన డౌవెస్ డెక్కర్ 1860లో 'మాక్స్ హావెలార్' నవల ప్రకటించి స్వజనులనే సిగ్గుపఱచెను. 1870 చట్టముతో చక్కెర చెఱ సడలజొచ్చెను. కాఫీ వెట్టి మాత్రము 20వ శతాబ్దమున గాని తొలగలేదు.