గని మూసిన మర్నాడు

ఏప్రిల్ 15 దాటిందంటే తడ బజారులో తాకట్టు కొట్ల ముందు చెప్పులు పెరుగుతాయి. సముద్రంలో వేట నిషేధం జూన్ 14 దాకా, 61 రోజులు. పడవలు ఒడ్డునే ఉంటాయి, ఇంట్లో పొయ్యి మాత్రం వెలగాలి. మొన్నామధ్య నా ముందు నిలబడిన ఒకమ్మ చేతి గాజులు రెండూ తీసి గల్లా మీద పెట్టింది. సేటు ఒక గాజు తీసుకుని గీటురాయి మీద గీశాడు. నల్లటి రాయి మీద వెంట్రుకవాసి పచ్చని గీత. దాని మీద ఒక చుక్క ద్రావకం వేసి, తల వంచి, గీత చెరుగుతుందేమో చూశాడు. చెరగలేదు.

"ఎంతిస్తావు సేటూ?"

"తూకం వేయనీమ్మా. రెండు సవర్లుంటాయి."

రెండు సవర్లంటే పదహారు గ్రాములు. ఈ రోజుల్లో చాలా గనుల్లో టన్ను రాయి పిండి చేస్తే వచ్చే బంగారం ఒకటి రెండు గ్రాములు. అంటే ఆ గాజుల కోసం ఎక్కడో ఒక ఊరి పక్కన, తక్కువలో తక్కువ ఒక టిప్పరు నిండా కొండరాయి పగిలింది. గాజులు తడకొచ్చాయి. ఆ టిప్పరు పిండి ఎక్కడుంది? ఎవరి పొలం పక్కన పోశారు? గాలి వీస్తే ఎవరి బావిలో పడుతోంది?

తడవాళ్లకు కంపెనీ అనే మాట కొత్త కాదు. 2008లో పక్కనే శ్రీసిటీ పారిశ్రామికవాడ మొదలైన దగ్గర నుంచి జపాను, అమెరికా, తైవాను కంపెనీల బోర్డులు మా కళ్లకు అలవాటైపోయాయి. తెల్లవారకముందే షిఫ్టు బస్సుల హారన్లు వినిపిస్తాయి. భూమి ఇచ్చినవాళ్లు, ఉద్యోగం వచ్చినవాళ్లు, రానివాళ్లు, అందరూ ఒకే వీధిలో కాపురముంటారు. అందుకేనేమో, ఫలానా ఊరికి కంపెనీ వస్తోందని వింటే నాకు ముందు ఒకటే అడగాలనిపిస్తుంది: పోయేటప్పుడు ఏం వదిలిపోతుంది? ఫ్యాక్టరీ అయితే షెడ్డన్నా మిగులుతుంది, ఇంకొకరు కొనుక్కుంటారు. గనికి ఆ భాగ్యం లేదు. రాయిలో పసిడి అయిపోయిన రోజున దాని ఆయుష్షు అయిపోతుంది. మొదటి గునపం దిగిన రోజే ఈ సంగతి అందరికీ తెలుసు. తెలిసీ ఎవరూ మాట్లాడరు. మాట్లాడకపోతే ఏమవుతుందో చూడాలంటే కోలారు వెళ్లాలి.

బండెడు మట్టి

కోలారు బంగారు గనులు, కేజీఎఫ్, అంటే ఇప్పటి పిల్లలకు సినిమా. మా పెద్దల తరానికి అది కూలి దొరికే చోటు, ఒక్కోసారి మనిషి తిరిగి రాని చోటు.

1802లో మైసూరు సరిహద్దులు కొలవడానికి వచ్చిన లెఫ్టినెంట్ జాన్ వారెన్‌కు ఊరిగాం, మారికుప్పం దగ్గర మట్టిలో బంగారం ఉందన్న మాట చెవిన పడింది. చూపించిన వారికి బహుమతి ఇస్తానన్నాడు. ఊరివాళ్లు ఎడ్లబండి మీద మట్టి తోలుకొచ్చి, ఆయన కళ్లముందే కడిగి, బంగారు రజను తీసి చూపించారు. తాతముత్తాతల నాటి నుంచి వాళ్లకు చేతనైన విద్య అది. వారెన్ రాసిన సంగతులు చదివి, 1871లో మైకేల్ లవెల్ అనే ఐరిష్ సైనికుడు బెంగళూరు నుంచి బండి కట్టించుకుని వచ్చాడు. 1875లో మైసూరు సర్కారు నుంచి తవ్వకానికి అనుమతి సంపాదించాడు. 1880లో లండను నుంచి జాన్ టేలర్ అండ్ సన్స్ దిగింది. బంగారం చూపించింది ఊరివాళ్లు. అనుమతి కాగితం మీద ఉన్నవి దొర పేరు, దర్బారు పేరు. వందేళ్ల పైచిలుకు కథకు మొదలు అక్కడే వంకరపోయిందని నా నమ్మకం.

కంపెనీ ఏమీ ఇవ్వలేదని అంటే అబద్ధమవుతుంది. 1902లో కావేరి మీద శివనసముద్రం నుంచి సుమారు 147 కిలోమీటర్లు తీగలు లాగి గనులకు కరెంటు తెచ్చారు. అప్పటికి బెంగళూరు వీధుల్లో కరెంటు దీపం లేదు. బేతమంగళం దగ్గర పాలారు నీళ్లు నిలిపి ఊరికి తెచ్చారు. ఆసుపత్రి కట్టారు, రైలు వేశారు. దొరలకు క్లబ్బు, గోల్ఫు మైదానం, పూలతోటల మధ్య బంగళాలు. ఆ చలవ వాతావరణం చూసి చిన్న ఇంగ్లండు అని మురిసిపోయారు. రాయి తవ్వే వాళ్లకు మాత్రం వరుసగా కట్టిన తడికల గుడిసెలు. 'కూలీ లైన్లు' అని వాటి పేరు.

ఆ లైన్లలో ఎక్కువమంది తమిళులు, అందులోనూ దళితులు. కంపెనీ పుస్తకాల్లో వాళ్ల ఊళ్లకు ఎదురుగా కనిపించే జిల్లా ఉత్తర ఆర్కాటు. చిత్తూరు జిల్లా 1911లో గానీ పుట్టలేదు. కాబట్టి తొలి ముప్ఫై ఏళ్లలో కొండలు దిగి గనికి నడిచిన మన చిత్తూరు తాలూకాల తెలుగువాళ్లు కూడా ఆ 'ఉత్తర ఆర్కాటు' అనే మాట వెనకే దాగి ఉన్నారు. కరువు వచ్చిన ప్రతిసారీ పల్లెలు ఖాళీ అయి గని నిండేది. కోలారు జిల్లాలో ఈ రోజుకీ ఇంటింటా తెలుగు వినిపిస్తుంది. గని మాటల్లో తమిళం, తెలుగు, కన్నడం, ఇంగ్లీషు కలిసిపోయి ఉంటాయి.

ఛాంపియన్ రీఫ్ గని భూమిలోకి మూడు కిలోమీటర్లు దాటి దిగింది. అంత లోతున రాయి ముట్టుకుంటే కాలుతుంది. చల్లగాలి పైనుంచి పంపితేనే మనిషి నిలబడగలడు. తవ్వి ఖాళీ చేసిన చోట చుట్టూ ఉన్న రాతి బరువు ఒక్కసారిగా తెగబడితే గోడ పేలిపోతుంది. దాన్ని అక్కడివాళ్లు 'ఎయిర్ బ్లాస్టు' అంటారు. కింద అది పేలితే పైన ఇళ్లలో గిన్నెలు కదిలేవి. గిన్నె కదిలిందంటే ఆడవాళ్లు గని మూతి దగ్గరికి పరుగెత్తేవారు, షిఫ్టులో ఉన్నది ఎవరని. రాతి దుమ్ము పీల్చి పీల్చి ఊపిరితిత్తులు గట్టిపడే సిలికోసిస్ సంగతి వేరు. దానికి శబ్దం ఉండదు, పరుగెత్తే వాళ్లూ ఉండరు.

షిఫ్టు దిగి పైకి వచ్చిన మనిషిని ఒళ్లంతా తడిమి వెతికేవారు. బంగారం కలిసిన మట్టి ఎవరి దగ్గర దొరికినా నేరమే. వారెన్ ముందు బండెడు మట్టి కడిగి చూపించిన ఊళ్లలో, మూడు తరాలు తిరిగేసరికి గుప్పెడు మట్టి దగ్గరుంటే జైలు. 1930లో కూలీలందరి వేలిముద్రలు తీసుకుని నమోదు చేయాలని కంపెనీ పట్టుబట్టింది. వేలిముద్ర దొంగల దగ్గర తీసుకునేది, మా దగ్గరెందుకని వేలమంది పని ఆపేశారు. మూడు వారాలు గనులు మూగబోయాయి. చివరికి కంపెనీయే వెనక్కి తగ్గింది. కూలి పెంచమని కాకుండా పరువు కోసం జరిగిన సమ్మె అది. కంపెనీకీ ఊరికీ మధ్య సంబంధాలని ఇప్పుడు పెద్ద పెద్ద నివేదికలు రాస్తారు. వేలిముద్ర వేయమన్న చెయ్యిని తోసేసిన ఆ మూడు వారాల కంటే ఎక్కువ నాకు ఏ నివేదికా చెప్పలేదు.

దిబ్బలు

1956లో మైసూరు ప్రభుత్వం గనుల్ని స్వాధీనం చేసుకుంది. 1962లో కేంద్రం తీసుకుంది. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ ఏర్పడింది. అప్పటికి రాయిలో పసిడి పలచబడింది, లోతు పెరిగింది, ఖర్చు మించిపోయింది. 2001 ఫిబ్రవరి 28న మూసేశారు. నూట ఇరవై ఏళ్లలో తీసిన బంగారం ఎనిమిది వందల టన్నుల పైన.

మర్నాడు పొద్దున ఊరు లేచేసరికి సైరన్ మోగలేదు. జీతం ఇచ్చింది కంపెనీ, ఇల్లు కంపెనీది, నీళ్లు కంపెనీవి, ఆసుపత్రి కంపెనీది. అన్నీ ఒక్క తాడుకే కట్టి ఉన్నాయి కాబట్టి ఒక్కసారే తెగాయి. బకాయిల కోసం, ఉంటున్న ఇళ్ల మీద హక్కు కోసం ఏళ్ల తరబడి తిరిగారు. వాళ్ల పిల్లలు చీకటితోనే మారికుప్పం నుంచి బెంగళూరు రైలెక్కుతారు, చీకటి పడ్డాక దిగుతారు. తడ స్టేషన్లో పొద్దున్నే చెన్నై రైలు కోసం నిలబడే మా పిల్లల్ని చూసినప్పుడల్లా నాకు ఆ రైలు గుర్తొస్తుంది. ఒకటే తేడా. మావాళ్లు ఉద్యోగం ఉన్న ఊరు వెతుక్కుంటూ వెళ్తున్నారు. వాళ్లు ఒకప్పుడు నలుదిక్కుల నుంచీ ఉద్యోగం వెతుక్కుంటూ జనం వచ్చిన ఊరినే వదిలి వెళ్తున్నారు.

దూరం నుంచి చూస్తే ఊరి చుట్టూ గుట్టలు కనిపిస్తాయి. అవి కొండలు కావు, 'సైనైడ్ దిబ్బలు'. రాయిని పిండి చేసి, సైనైడు నీళ్లతో బంగారాన్ని కరిగించి తీసుకున్నాక మిగిలిన బూడిదరంగు మన్ను. పదమూడు దిబ్బలు, మూడు కోట్ల టన్నుల పైన. వానకు కోసుకుపోయి నిలువునా లోతైన గాడులు పడ్డాయి. చేత్తో ముట్టుకుంటే ముఖానికి రాసుకునే పౌడరులా వేళ్ల సందుల్లోంచి జారుతుంది. గాలి కాలం వస్తే లేచి ఇళ్ల మీద పడుతుంది, ఆరేసిన బట్టల మీద, మూత పెట్టని బిందెల మీద. 2024లో ఆ దిబ్బల్లో మిగిలిన బంగారాన్ని మళ్లీ తీయడానికి కర్ణాటక మంత్రివర్గం సరేనంది. మన్నుకు రెండో అవకాశం దొరికింది. దాన్ని పీల్చిన వాళ్ల మాట ఎవరూ ఎత్తలేదు.

ఆ గని చేతులు మన వైపూ చాచి ఉండేవి. కుప్పం పక్కన చిగురుగుంట, బిసానత్తం, అనంతపురం వైపు రామగిరి గనులు కూడా భారత్ గోల్డ్ మైన్స్ నడిపినవే. కోలారుతో పాటే 2001లో అవీ మూతపడ్డాయి. కేజీఎఫ్ గురించి సినిమాలు, పుస్తకాలు వచ్చాయి. చిగురుగుంట కూలీ గురించి పత్రికలు పట్టించుకున్నది తక్కువ, మా పత్రికలతో సహా. ఇప్పుడు చిగురుగుంట, బిసానత్తం బ్లాకును వేలంలో ప్రభుత్వ రంగ సంస్థ ఎన్‌ఎండీసీ దక్కించుకుంది. మూసిన తలుపు మళ్లీ తెరుచుకుంటుందని అక్కడి ఊళ్లు ఎదురుచూస్తున్నాయి.

ఒకే కంపెనీ, రెండు ఊళ్లు

గనికీ ఊరికీ మధ్య ఈ కథ మన దగ్గరే కాదు, బయటా ఉంది. ప్రపంచంలో పెద్ద బంగారు కంపెనీ అమెరికాకు చెందిన న్యూమాంట్. ఆ కంపెనీ నడిపే యానకోచా గని పెరూ కొండల్లో ఉంది. 2000 జూన్ 2న ఆ గని నుంచి పాదరసం తీసుకెళ్తున్న లారీ దారి పొడవునా, నలభై కిలోమీటర్ల మేర, 151 కిలోల పాదరసం ఒలకబోసుకుంటూ పోయింది. చోరోపంపా అనే పల్లెలో జనం రోడ్డు మీద మెరుస్తున్న ముత్యాల్లాంటి ఆ బొట్లను వింతగా చూసి చేతులతో ఏరుకున్నారు, ఇళ్లకు తీసుకెళ్లారు. పిల్లలు ఆడుకున్నారు. వందలమంది జబ్బుపడ్డారు. అది విషమని వాళ్లకు ముందు చెప్పినవాళ్లు లేరు. మన పల్లెలో అయినా అంతే జరిగేది. మెరిసేదాన్ని పిల్లలు వదులుతారా?

అదే కంపెనీ 2008లో ఆఫ్రికాలోని ఘనాలో, అహాఫో గని చుట్టూ ఉన్న ఊళ్లతో ఒక ఒప్పందం రాసుకుంది. అమ్మిన ప్రతి ఔన్సు బంగారానికి ఒక డాలరు, లాభంలో నూటికి ఒక వంతు ఊళ్ల నిధికి వెళ్లాలి. డాలరంటే చిన్న మొత్తమే, ఔన్సు ధరతో పోలిస్తే చిల్లర. ఇలాంటి నిధులతో కంపెనీలు నోరు మూయిస్తాయని విమర్శించే వాళ్లున్నారు, ఆ మాటలో నిజం లేకపోలేదు. అయినా నాకు ఆ ఒప్పందంలో నచ్చింది ఒకటుంది. ఎంత ఇవ్వాలో కంపెనీ దయకు వదలకుండా తూకానికి కట్టారు. ఔన్సు కదిలితే డాలరు కదలాలి. గుడికి సున్నం వేయించడం, బడికి బ్యాగులు పంచడం, ఆ ఫొటోలు గోడకు తగిలించడం, ఇవన్నీ మనసు మారితే ఆగిపోయే పనులు. కాగితం మీద లెక్క ఉంటే అడిగే హక్కు ఉంటుంది.

జొన్నగిరి

ఇప్పుడు మన ఇంటి సంగతి. కర్నూలు జిల్లా తుగ్గలి మండలంలో జొన్నగిరి. పక్కనే ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలు. మౌర్యుల సువర్ణగిరి ఇదేనని కొందరు చరిత్రకారులు అంటారు. ఇక్కడ పాతకాలపు తవ్వకాల గుంటలు ఉన్నాయి. తొలకరి పడిందంటే జిల్లాలు దాటి జనం వచ్చి పొలాల్లో వంగి వజ్రాల కోసం వెతుకుతారు. ఈ నేలలోనే జియోమైసూర్ సర్వీసెస్ అనే కంపెనీకి 2013లో బంగారు గని లీజు దక్కింది. దాదాపు ఆరు వందల హెక్టార్లు. బొంబాయి స్టాక్ మార్కెట్లో నమోదైన దక్కన్ గోల్డ్ మైన్స్‌కు అందులో పెద్ద వాటా ఉంది. ఆ దక్కన్ గోల్డ్ కిర్గిజ్‌స్థాన్‌లోనూ బంగారు గనిలో పెట్టుబడి పెట్టింది. ఒకప్పుడు జాన్ టేలర్ మన ఊరికొచ్చాడు, ఇప్పుడు మన కంపెనీలు ఇంకొకరి కొండలకు వెళ్తున్నాయి. అక్కడి గొర్రెల కాపరి కూడా మనల్ని ఇవే ప్రశ్నలు అడుగుతాడు, అడగాలి కూడా.

కోలారు కూలీకి లేని కొన్ని ఆయుధాలు జొన్నగిరి రైతుకు చట్టంలో ఉన్నాయి. బంగారం మీద రాయల్టీ నూటికి నాలుగు. 2015లో సవరించిన గనుల చట్టం ప్రకారం, అంతకుముందే లీజు పొందిన గనులైతే ఆ రాయల్టీలో 30 శాతానికి సమానమైన సొమ్ము జిల్లా ఖనిజ నిధికి అదనంగా కట్టాలి. ఆ డబ్బు ముందుగా చేరాల్సింది గని దెబ్బ తగిలే ఊళ్లకే. చాలా జిల్లాల్లో ఈ నిధి జిల్లా కేంద్రంలో రోడ్లకు, భవనాలకు దారి మళ్లుతోందన్న ఫిర్యాదు దేశమంతా ఉంది. గని మూసివేత ప్రణాళిక ముందే ఇవ్వాలని, హెక్టారుకు ఇంతని పూచీ సొమ్ము చూపించాలని కూడా నిబంధన ఉంది. ఆ ప్రణాళిక తెలుగులో అచ్చేసి పంచాయతీ గోడకు అంటించమని ఊరు అడగాలి. గొయ్యి ఎంత లోతు పోతుంది, దిబ్బ ఎటు వైపు పోస్తారు, దాని కింద ఏం పరుస్తారు, బావుల నీళ్లు ఎన్నాళ్లకోసారి ఎవరు పరీక్ష చేస్తారు, ఆ లెక్క ఎవరికి చదివి వినిపిస్తారు. పేలుడు మందు పెట్టే వేళ ముందుగా చాటింపు వేస్తారా. ఆఖరి టిప్పరు వెళ్లిపోయాక పదేళ్లపాటు ఆ దిబ్బకు కాపలా ఎవరు.

ఇవన్నీ గని కొత్తగా ఉన్నప్పుడే అడగాలి. ఉద్యోగం కోసం దరఖాస్తు చేతిలో ఉన్న యువకుడికి ఈ మాటలు చేదుగా ఉంటాయని నాకు తెలుసు. శ్రీసిటీ గేటు ముందు అదే దరఖాస్తుతో నిలబడిన పిల్లల్ని చూసే రాస్తున్నాను. ఉద్యోగం కావాలి, రావాలి. వానాకాలంలో వజ్రం కోసం వంగి వెతికే ఆ ఎర్రమట్టి చెలక కూడా, ఆ యువకుడి మనవళ్లు వంగి వెతికేందుకు, అక్కడే ఉండాలి.

జూన్ 15 పొద్దున పడవలు సముద్రంలోకి వెళ్లాయి. వారం తిరిగాక ఆ అమ్మ మళ్లీ కొట్టు దగ్గర కనిపించింది. అసలూ వడ్డీ లెక్కపెట్టి గల్లా మీద పెట్టి, చీటీ చింపించి, గాజులు చేతికెక్కించుకుంది. ఒకటి సులువుగా ఎక్కింది. రెండోదానికి సేటు దగ్గర సబ్బు ముక్క అడిగింది.