తెర మీద గ్రీకు యుద్ధం

మొన్న ఆదివారం మా ఇంట్లో ఒక యుద్ధం జరిగింది. ఒక పక్క మా పెదనాన్నగారు. ముప్ఫై యేళ్లు బడిలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. రెండవ పక్క ఆయన మనుమడు, ఇంటర్మీడియెట్ చదువుతున్నాడు. యుద్ధానికి కారణం కంప్యూటరు తెర మీద ఆడే ఒక ఆట.

"తాతయ్యా, ల్యూక్ట్రాలో స్పార్టాను గెలిపించేశాను చూడు!" అన్నాడు కుర్రవాడు.

"అదేమిట్రా! క్రీ.పూ. 371లో స్పార్టా అక్కడ చిత్తుగా ఓడిపోయింది. నీ ఆట శుద్ధ అబద్ధం."

"ఓడి తీరాలంటే ఇక ఆడడం ఎందుకు తాతయ్యా?"

పెదనాన్నగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. జవాబు దొరకనప్పుడు ఆయన చేసే పని అది.

ఆలోచించి చూస్తే ఈ తగాదా చిన్నదేమీ కాదు. మన చదరంగమూ ఒకప్పుడు యుద్ధపుటాటే. ఏనుగు నిజంగా ఇలాగే నడుస్తుందా అని ఎవరూ నిలదీయరు. ఎందుకంటే, ఇది ఫలానా రాజు ఫలానా చోట చేసిన యుద్ధమని చదరంగం చెప్పుకోదు. ఈ క్రొత్త ఆటలు చెప్పుకుంటాయి. ఊరి పేరూ, సంవత్సరమూ తగిలించుకున్న తరువాత నిజం చెప్పవలసిన బాధ్యత కూడా నెత్తిన పడుతుంది కదా!

డాలు చాటు మనిషి

గ్రీకు కాలిబంటును హోప్లైట్ అనేవారు. కుడిచేత ఏడెనిమిది అడుగుల ఈటె, ఎడమచేతికి మూడడుగుల గుండ్రని డాలు. ఆ డాలు సగం తనను కాపాడితే, సగం ఎడమ పక్కవాణ్ణి కాపాడుతుంది. అందువల్ల ప్రతివాడూ తన కుడి పక్కవాడి డాలు చాటుకు జరుగుతాడు. నడిచేకొద్దీ సైన్యం మొత్తం కుడివైపుకు ఒరిగిపోతుంది. క్రీ.పూ. 418లో జరిగిన మాంటినియా యుద్ధాన్ని వర్ణిస్తూ థూసిడిడీస్ ఈ సంగతి వ్రాశాడు. మనిషి భయం వ్యూహాన్నే వంచేస్తుందన్న మాట.

2018లో వచ్చిన 'అసాసిన్స్ క్రీడ్ ఒడిస్సీ' అనే ఆట ఏథెన్సు, స్పార్టాల యుద్ధకాలంలోనే నడుస్తుంది. అందులో పెద్ద పోరాటం వస్తే సైనికులు వరుసలు విడిచి ఎవరికి వారు కలియబడతారు. చూడడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. నిజమైన హోప్లైట్ వరుస విడిచాడంటే ప్రాణం మీద ఆశ వదులుకోవలసిందే. కాని ఆట చేసేవాడి కష్టమూ చూడండి. పక్కవాడి డాలు చాటున ఊపిరి బిగబట్టి నిలబడడమే ఆట అంటే, డబ్బు పోసి ఎవరు కొంటారు? ఆ కంపెనీవారే మరుసటి సంవత్సరం కత్తులు పక్కన పెట్టి, ప్రాచీన గ్రీసు వీధులను తాపీగా తిప్పి చూపే మరొక భాగాన్ని విడుదల చేశారు. యుద్ధం వేరు, విజ్ఞానం వేరు అని పంచిపెట్టారన్న మాట!

తెలిసిపోయిన రహస్యం

ఇక ల్యూక్ట్రా సంగతి. మామూలుగా గ్రీకులు తమ మేటి బలగాన్ని కుడివైపు నిలిపేవారు. థీబ్స్ సేనాని ఎపమినోండాస్ ఎడమవైపు ఏభై వరుసల లోతున తన మనుషులను పేర్చాడు. స్పార్టావారు పన్నెండు వరుసలకు మించి లేరు. రాజు క్లియోంబ్రోటస్ కూలాడు. అక్కడున్న ఏడువందలమంది స్పార్టా పౌరులలో నాలుగువందలమంది నేలకొరిగారు.

ఆట తయారుచేసేవాడు ఇదంతా పొల్లు పోకుండా పెట్టాడనుకోండి. అయినా అది నిజం కాదు. ఎపమినోండాస్ ఏం చేయబోతున్నాడో క్లియోంబ్రోటస్‌కు తెలియదు. మా కుర్రవాడికి ముందే తెలుసు! పైగా వాడు గ్రద్దలాగా ఆకాశం నుంచి మైదానమంతా చూస్తున్నాడు. గ్రీకు సేనాని తానూ ఈటె పట్టి నిలబడేవాడు. తన చుట్టూ రేగే దుమ్ము తప్ప ఆయనకు కనిపించేది కొద్దే. ఎపమినోండాస్ కూడా క్రీ.పూ. 362లో యుద్ధరంగంలోనే ప్రాణం విడిచాడు.

అంటే, ఆయుధాల కొలతలు సరిపోయినంత మాత్రాన చరిత్ర సరిపోదు. ఆనాటివారి అజ్ఞానాన్ని కూడా ఆటలో పెట్టాలి. అదే కష్టం.

ఈ కష్టాన్ని చమత్కారంగా దాటినవాడు మార్క్ హెర్మన్. ఆయన 1991లో తయారుచేసిన 'పెలొపొనీషియన్ వార్' బల్ల మీద పరచుకుని ఒక్కరే ఆడుకోదగిన ఆట. అందులో మీ పక్షం మరీ బాగా గెలుస్తూంటే, నియమం ప్రకారం మీరు లేచి ఎదుటి పక్షానికి మారవలసిందే! ఇంతవరకు మీరు కట్టుకున్న కోటను మీరే కూలగొట్టుకోవాలి. ఏథెన్సు నుంచి స్పార్టాకు, అక్కడి నుంచి పారశీకులకు, మళ్లీ ఏథెన్సుకు గెంతిన ఆల్సిబయడీస్ బతుకు ఎటువంటిదో ఇది అనుభవంలోకి తెస్తుంది.

కనిపించనివారు

ఇంతకన్న పెద్ద లోటు మరొకటున్నది. క్రీ.పూ. 479లో ప్లాటియా యుద్ధానికి అయిదువేలమంది స్పార్టా పౌరులు వెళ్లారనీ, ఒక్కొక్కరి వెంట ఏడుగురు చొప్పున ముప్ఫైఅయిదువేలమంది హెలాట్లు నడిచారనీ హెరొడోటస్ వ్రాశాడు. హెలాట్లంటే స్పార్టా పొలాలు దున్నే బానిసలు. వారి చెమట లేనిదే స్పార్టా వీరులకు తిండి లేదు, కవాతుకు తీరికా లేదు. ల్యూక్ట్రా ఓటమి తరువాతనే, క్రీ.పూ. 369 ప్రాంతంలో మెసీనియా హెలాట్లకు విముక్తి కలిగింది.

ఎర్రని అంగీలూ, మెరిసే శిరస్త్రాణాలూ చూసి మన పిల్లలు స్పార్టాను మెచ్చుకుంటారు. మెచ్చుకోనివ్వండి. కాని తెర మీద స్పార్టాను గెలిపించినవాడు ఎవరిని మళ్లీ బానిసత్వంలోకి నెట్టాడో తెలుసుకోవద్దా? ఈటె పొడవులో అంగుళం తేడా వస్తే కొంప మునగదు. మనుషులే మాయమైపోతే మాత్రం నష్టమే.

ఏనుగులెన్ని?

అయితే చరిత్ర పుస్తకాలైనా అన్నీ ఒకే మాట చెబుతాయా? మన దేశానికి సంబంధించిన సంగతే తీసుకోండి. క్రీ.పూ. 326లో జీలం ఒడ్డున అలెగ్జాండర్‌ను ఎదిరించిన పురుషోత్తముడికి ఏనుగులెన్ని? ఏరియన్ 200 అన్నాడు. డయడోరస్ 130 అన్నాడు. కర్టియస్ 85తో సరిపెట్టాడు. చరిత్రకారుడు 'బహుశా' అని తప్పించుకోగలడు. ఆట చేసేవాడికి ఆ సౌకర్యం లేదు. ఏదో ఒక అంకె వేసి తీరాలి.

ఈ సంగతులన్నీ విన్న మీదట పెదనాన్నగారు కొంత మెత్తబడ్డారు. ఒక షరతు పెట్టారు: "ఆడుకోరా, వద్దనను. ఆట అయ్యాక మాత్రం, ఇందులో లేనిదేమిటో నాకొక కాగితం మీద వ్రాసి చూపించాలి." కుర్రవాడు ఒప్పుకుని, తనూ ఒక షరతు పెట్టాడు: తాతయ్య కూడా ఒక ఆట ఆడాలి.

ఆయన పురుషోత్తముడి పక్షం తీసుకున్నారు. పావుగంట గడిచేసరికి ఈటెపోట్లు తిన్న ఏనుగులు బెదిరి, వెనక్కు తిరిగి, సొంత సైన్యాన్నే తొక్కడం మొదలుపెట్టాయి. కుర్రవాడు కేరింతలు కొడుతున్నాడు. పెదనాన్నగారు మాత్రం ఓడిపోతూనే బల్ల మీద చరిచారు:

"భేష్! ఇది మాత్రం అక్షరాలా నిజంరా! ఏరియన్ ఇలాగే వ్రాశాడు!"