సగం ఆట, పూర్తి సొమ్ము

తయారీ ముగియని ఆన్‌లైన్ గేములకు ముందే డబ్బు కడుతున్నారు మన పిల్లలు. వాళ్లు చదవకుండా దాటేస్తున్న ఆరు ప్రశ్నలు ఏమిటి? అక్కడ అసలే లేని ఏడో ప్రశ్న ఏమిటి?

తయారీ ముగియకముందే గేమ్‌ను అమ్మే పద్ధతికి ‘ఎర్లీ యాక్సెస్’ అని పేరు. గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో అలాంటి గేమ్ పేజీ తెరిస్తే, కొనుగోలు బటన్‌కు పైన ఒక పెట్టె కనిపిస్తుంది. ఈ గేమ్ ఇంకా పూర్తి కాలేదు, ముందు ముందు మారవచ్చు, మారకపోనూ వచ్చు, ఇప్పుడున్న స్థితిలోనే ఆడాలన్న ఉత్సాహం లేకపోతే ఆగి చూడండి అని అందులో రాసి ఉంటుంది. కొనకుండా ఆగమని అమ్మేవాడే చెప్పే దుకాణాన్ని నేను ఇంకెక్కడా చూడలేదు. ఆ మాట చదివి ఆగిన పిల్లవాడు మాత్రం నాకు ఒక్కడూ తారసపడలేదు.

వేసవి సెలవుల సంచికకు కోయంబత్తూరు, మదురై తెలుగు ఇళ్లలో గేముల ఖర్చు మీద కథనం కావాలన్నారు సంపాదకులు. ఎవరు నెలకు ఎంత పెడుతున్నారో రాసుకుందామనే బయల్దేరాను. కోయంబత్తూరు పీళమేడులో మా అక్క కొడుకు ల్యాప్‌టాప్‌లో ఈ పెట్టె చూశాక ఆ లెక్కలన్నీ పక్కకు పోయాయి.

వాడు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. తయారీ ముగియకముందే కొన్న గేములు వాడి లైబ్రరీలో వరసగా ఉన్నాయి. కొన్ని ఇప్పటికీ పూర్తి కాలేదు.

“కొనేముందు ఇది చదివావా?” అని అడిగాను.

“లేదు మామా, ట్రెయిలర్ చూశా. ఫ్రెండ్సంతా అప్పటికే కొనేశారు. నేనొక్కణ్ణే ఆగితే నా చోటు ఇంకొకడికి పోతుంది కదా” అన్నాడు.

ఈ వ్యాపారం కిటుకంతా ఆ జవాబులో ఉంది. ఒంటరిగా ఆడుకునే గేమైతే ఏడాది ఆగి, పూర్తయ్యాకే కొనుక్కోవచ్చు. నలుగురు కలిసి ఆడే ఆన్‌లైన్ గేములో ఆ వీలు లేదు. మిగతా ముగ్గురూ ఇవాళ రాత్రే ఆడతారు. ఆగినవాడికి తోడు ఉండదు.

ఆరు ప్రశ్నలు

ఆ పెట్టె కింద ‘డెవలపర్లు ఏమంటున్నారు’ అనే భాగం ఉంటుంది. స్టీమ్‌ను నడిపే వాల్వ్ కంపెనీ అక్కడ ఆరు ప్రశ్నలు వేస్తుంది, గేమ్ తయారు చేసేవాళ్లు జవాబులు రాయాలి. పూర్తి చేయకుండానే ఎందుకు అమ్ముతున్నారు? ఎన్నాళ్లు ఇలా ఉంటుంది? పూర్తయిన గేమ్‌కూ దీనికీ తేడా ఏమిటి? ఇప్పుడు ఏ స్థితిలో ఉంది? పూర్తయ్యాక ధర మారుతుందా? తయారీలో ఆటగాళ్లకు ఎలా చోటిస్తారు?

మంచి ప్రశ్నలు. వీటిని రాసినవాళ్లకు కొనేవాడి బాధ తెలుసు. చిక్కంతా జవాబుల దగ్గర వస్తోంది.

రెండో ప్రశ్ననే తీసుకుందాం. మేనల్లుడి లైబ్రరీలోని గేముల పేజీలు ఒక్కొక్కటే తెరిపించి చదివాను. సుమారు ఏడాది అని ఒకరు, తృప్తి కలిగేదాకా అని ఒకరు, ఆటగాళ్ల సలహాలను బట్టి అని మరొకరు రాశారు. తేదీ వేసినవాళ్లు తక్కువ. దానికి వాళ్లనొక్కళ్లనే తప్పు పట్టడం న్యాయం కాదు. భవిష్యత్తు గురించి కచ్చితమైన హామీలు ఇవ్వొద్దని డెవలపర్ల కోసం రాసిన నియమాల్లో వాల్వే చెబుతుంది. అమ్మకాలు బొత్తిగా లేకపోయినా తయారీ కొనసాగించే స్తోమత లేకపోతే ఎర్లీ యాక్సెస్‌కు రావద్దని కూడా అక్కడే ఉంది. రెండూ వివేకమైన సలహాలే. కానీ పిల్లలు డబ్బు కడుతున్నదే ఆ భవిష్యత్తును చూసి. ట్రెయిలర్ ఆశ పెడుతుంది, పేజీ మాత్రం మాట ఇవ్వదు. మాట ఇవ్వలేదు గనుక తప్పినట్టూ కాదు.

మూడో ప్రశ్నకు వచ్చే జవాబుల్లో జాబితాలు ఉంటాయి. కొత్త మ్యాపులు, కొత్త వాహనాలు, కొత్త ఆయుధాలు. అయిదో ప్రశ్నకు చాలామంది ధర పెరుగుతుందనే రాస్తారు. కొనేవాణ్ణి తొందరపెట్టే మాట ఆ జవాబులన్నింటిలో ఇదొక్కటే, పిల్లలకు గుర్తున్నదీ ఇదొక్కటే.

మదురైలో తెప్పకుళం దగ్గర ఒక తెలుగు ఇంట్లో కొడుకు గేమ్‌కు యూపీఐలో డబ్బు కట్టిన తల్లితో మాట్లాడాను. “డబ్బిచ్చాం, సరుకు ఎప్పుడొస్తుందిరా అని అడిగితే, అది వస్తూ ఉంటుందమ్మా అంటాడన్నా” అన్నారు ఆవిడ. ఎర్లీ యాక్సెస్‌ను ఇంతకంటే సూటిగా చెప్పినవాళ్లు నాకు కనబడలేదు.

నాలుగు రోజుల ముచ్చట

‘ది డే బిఫోర్’ అనే గేమ్ ఉండేది. 2021లో ప్రకటించారు. జాంబీలు నిండిన మహానగరంలో ఎంతోమంది ఒకేసారి తిరిగే ఆన్‌లైన్ ప్రపంచమని చూపించారు. కొనదలచుకున్నవాళ్లు స్టీమ్‌లో గుర్తు పెట్టుకునే జాబితాలో ఒక దశలో అది మొదటి స్థానానికి చేరింది. వాయిదాల మీద వాయిదాలు పడి, 2023 డిసెంబర్ 7న ఎర్లీ యాక్సెస్‌లో విడుదలైంది. ధర 40 డాలర్లు. చూపించిన మహాప్రపంచం లోపల లేదని ఆడినవాళ్లు మొదటి రోజే గొల్లుమన్నారు. డిసెంబర్ 11న, అంటే నాలుగు రోజులకే, తయారుచేసిన ఫెన్టాస్టిక్ సంస్థ మూతపడుతున్నట్టు ప్రకటించింది. 2024 జనవరి 22న సర్వర్లు ఆపేశారు.

డబ్బు వెనక్కి వచ్చింది. ఎంతసేపు ఆడారన్నది చూడకుండా కొన్న అందరికీ తిరిగి ఇచ్చారు. అయితే అది కొనుగోలుదారుకు హక్కుగా దక్కింది కాదు. గొడవ ప్రపంచమంతా మారుమోగింది, ప్రచురణ సంస్థ, స్టీమ్ దిగివచ్చాయి. ఇంత పేరు లేని గేమ్ చడీచప్పుడు లేకుండా ఆగిపోతే ఆ దిగిరావడం ఉండదు.

ఆన్‌లైన్ గేముకూ మామూలు గేముకూ అసలు తేడా ఇక్కడే. సగంలో ఆపేసిన మామూలు గేమ్ ఆ సగమైనా మన కంప్యూటర్లో ఉంటుంది, ఆడుకోవచ్చు. ఆన్‌లైన్ గేమ్ సర్వర్ ఆపేస్తే చాలా వాటిలో మొదటి తెర కూడా దాటలేం. ఆ సగమూ మిగలదు.

ఎర్లీ యాక్సెస్ నుంచి పూర్తి కావడానికి ఎన్నాళ్లు పట్టింది?

డేజెడ్: 2013 డిసెంబర్ నుంచి 2018 డిసెంబర్ దాకా. అభివృద్ధికి అండగా నిలవాలనుకుంటే తప్ప, ఇబ్బందులకు సిద్ధపడితే తప్ప కొనవద్దని తన పేజీలోనే పెద్దక్షరాల్లో రాసుకుంది. అయినా నెల తిరక్కుండా పది లక్షల కాపీలు అమ్ముడయ్యాయి.

రస్ట్: 2013 డిసెంబర్ నుంచి 2018 ఫిబ్రవరి.

7 డేస్ టు డై: 2013 డిసెంబర్ నుంచి 2024 జూలై. పదేళ్లకు పైమాటే.

ఆర్క్: 2015 జూన్ నుంచి 2017 ఆగస్టు. అసలు గేమ్ పూర్తి కాకుండానే 2016 సెప్టెంబర్‌లో దానికి అదనపు భాగాన్ని 20 డాలర్లకు అమ్మింది. విడుదలకు ముందు అసలు ధరను 30 డాలర్ల నుంచి 60కి పెంచింది.

స్టార్ సిటిజన్: స్టీమ్‌లో లేదు. 2012లో చందాలు వసూలు చేయడం మొదలుపెట్టింది, 2014లో ఇస్తామంది. అందిన సొమ్ము 70 కోట్ల డాలర్లు దాటింది. గేమ్ ఇంకా పూర్తి కాలేదు.

అయినా దీన్ని మోసమనను

ఈ పద్ధతిని మోసమని కొట్టిపారేయడానికి నా మనసు ఒప్పదు. బ్యాంకు అప్పు ఇవ్వని, పెట్టుబడిదారు తలుపు తీయని చిన్న జట్లకు దారి చూపింది ఇదే. మార్కస్ పెర్సన్ 2009లో మైన్‌క్రాఫ్ట్‌ను ఇలాగే అమ్మాడు. ముందుగా కొన్నవాళ్లు సుమారు 10 యూరోలు కట్టారు, 2011 నవంబర్‌లో పూర్తయ్యాక ధర 20 యూరోలకు చేరింది. ముందే నమ్మినవాడికి సగం ధర. అది న్యాయమైన బేరం. వాల్వ్ 2013 మార్చిలో ఎర్లీ యాక్సెస్‌ను ప్రారంభించి, అప్పటికే బయట నడుస్తున్న ఈ అలవాటుకు ఒక దుకాణం పెట్టింది.

ఆన్‌లైన్ గేముకు ఇంకో అవసరమూ ఉంది. పదిమంది ఉద్యోగులు గదిలో కూర్చుని పరీక్షిస్తే బయటపడని బగ్గులు, పదివేలమంది ఒకేసారి సర్వర్ మీద పడినప్పుడు బయటపడతాయి. మన పిల్లలందరికీ తెలిసిన పబ్‌జీ అలాగే తయారైంది. మొబైల్‌లోకి రాకముందు, 2017 మార్చి 23న కంప్యూటర్‌కు ఎర్లీ యాక్సెస్‌లో వచ్చింది. అప్పుడు మన దేశంలో ధర 999 రూపాయలు. ఆరు నెలలన్నారు, డిసెంబర్ దాకా పట్టింది. కానీ పూర్తి చేశారు. లోపాలు ఏరి చెప్పినవాళ్లు డబ్బు కట్టిన ఆటగాళ్లే. ఆ పనికి వేరే చోటైతే జీతం ఇస్తారు.

ఈ తెలుగువాళ్లెవరు?

కోయంబత్తూరు, మదురై తెలుగువాళ్ల సంగతి తెలియని పాఠకుల కోసం నాలుగు ముక్కలు. 1529 ప్రాంతంలో విజయనగరం తరఫున విశ్వనాథ నాయకుడు మదురై పాలన చేపట్టాడు, ఆ వెనకా ముందూ తెలుగు కుటుంబాలు దక్షిణానికి తరలాయి. తిరుమల నాయకుడు మహలు కట్టాడు, పుదుమండపం కట్టాడు, దాని ఎదుట మొదలుపెట్టిన రాయగోపురం మాత్రం ఇప్పటికీ అసంపూర్తిగానే నిలిచి ఉంది. కోయంబత్తూరు వైపు నల్లరేగడిలో పత్తి పండించిన నాయుళ్లు మిల్లులకు, మోటార్లకు, పంపులకు మళ్లారు. పీఎస్‌జీ సంస్థలు, జి.డి. నాయుడు పరిశోధనలు అక్కడివే. ఇప్పటి పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో తమిళం చదువుతారు. రాత్రి హెడ్‌సెట్ పెట్టుకున్నాక రెండూ కలిపి కేకలేస్తారు.

రిఫండ్ కావాలంటే

స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం రెండు గంటలు మించకుండా అడగాలి. ఎర్లీ యాక్సెస్‌కూ ఇదే నియమం. గేమ్ తెరిచి ఉన్నంతసేపూ గడియారం తిరుగుతుంది. సర్వర్‌లో చోటు కోసం వరసలో కాచుకున్న సమయం, పాత్రకు చొక్కా రంగు ఎంచిన సమయం అన్నీ అందులోకే వస్తాయి. మొదటి సాయంత్రమే గడువు అయిపోతుంది. గేమ్ ఆగిపోయేది రెండేళ్లకు.

2025 నుంచి స్టీమ్ ఒక మంచి పని చేస్తోంది. డెవలపర్లు చాలాకాలంగా అప్‌డేట్ ఇవ్వని ఎర్లీ యాక్సెస్ గేమ్ పేజీలో, చివరిసారి ఎప్పుడు ఇచ్చారో హెచ్చరికగా చూపిస్తోంది.

మన చట్టం

డబ్బు పందెం పెట్టే గేములను 2025 ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నిషేధించింది. పందెం కానంతవరకు చందా, ఒకసారి కట్టే ప్రవేశ రుసుము తీసుకోవచ్చని అదే చట్టం చెబుతోంది. కాబట్టి ఎర్లీ యాక్సెస్‌కు డబ్బు కట్టడం నేరం కాదు, తీసుకోవడమూ నేరం కాదు. తేడా వస్తే ఆశ్రయించాల్సింది 2019 వినియోగదారుల రక్షణ చట్టాన్ని. తప్పుదోవ పట్టించే ప్రకటనలు, కొనుగోలుదారుకు అన్యాయమైన ఒప్పందాలు దాని పరిధిలో ఉన్నాయి. అమ్మినవాడు ఎక్కడున్నా మనం ఉంటున్న జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు.

ఏడో ప్రశ్న

కోయంబత్తూరులో గణపతి, ఆవారంపాళయం వీధుల్లో లేత్ పట్టరలు, అంటే చిన్న వర్క్‌షాపులు ఉన్నాయి. పంపు భాగాలకు ఆర్డర్ ఇస్తే అక్కడ అడ్వాన్సు తీసుకుంటారు. రసీదు మీద ఎంత ముట్టిందో, ఎప్పటికి ఇస్తారో రాస్తారు. మిగతా సొమ్ము సరుకు చేతికొచ్చాకే. పని కుదరకపోతే అడ్వాన్సు ఏమవుతుందో ఇద్దరూ ముందే మాట్లాడుకుంటారు. మా అక్కవాళ్ల ఇంట్లో రెండు తరాలు బతికింది ఆ వ్యాపారం మీదే. అదే ఇంటి కుర్రవాడు, తేదీ లేని రసీదుకు పూర్తి సొమ్ము ముందే కట్టేస్తున్నాడు.

వాల్వ్ అడుగుతున్న ఆరు ప్రశ్నల్లో ఒకటి తక్కువ. ‘మీరు మధ్యలో ఆపేస్తే మా డబ్బు ఏమవుతుంది, సర్వర్ ఎన్నాళ్లు నడుపుతారు?’ భవిష్యత్తు మీద హామీ ఇవ్వొద్దన్న నియమానికి ఇది అడ్డు కాదు. గేమ్ గొప్పగా వస్తుందని మాట ఇవ్వమనడం లేదు. రాకపోతే ఏం చేస్తారో చెప్పమంటున్నాం. మూసేముందు ఆటగాళ్లే సొంతంగా సర్వర్ నడుపుకునేలా సాఫ్ట్‌వేర్ ఇస్తామని చెప్పవచ్చు. ఏడాదిలోపు ఆగితే ఇంత శాతం తిరిగి ఇస్తామనీ చెప్పవచ్చు. ఏమీ ఇవ్వలేం అని రాసినా సరే, కొనేవాడికి తెలుస్తుంది.

ఇది నా ఒక్కడి కోరిక కాదు. 2024లో ‘ది క్రూ’ అనే ఆన్‌లైన్ కార్ రేసుల గేమ్ సర్వర్లను ఆపేశాక, అమ్మిన గేమ్‌ను ఆడలేని స్థితిలో వదిలేయకూడదంటూ ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ పేరుతో ఉద్యమం మొదలైంది. ఐరోపా సమాఖ్యలో దాని వినతిపై 2025 నాటికి పది లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. కోట్లమంది గేమ్ ఆడే మన దేశంలో ఆ ప్రశ్న మన పార్లమెంటులోనూ వినబడాలి. 2025 చట్టం పందేల సంగతి తేల్చింది, కొనుగోలుదారు సంగతిని వదిలేసింది.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లవాడు ఫోన్ చేతికిచ్చి పిన్ నొక్కమన్నప్పుడు ఆ ఆరింటిలో రెండో ప్రశ్నకు జవాబు వాడి చేతనే పైకి చదివించండి. కొన్నాక బిల్లు మెయిల్, ఆ రోజు పేజీలో ఉన్న జవాబుల స్క్రీన్‌షాట్ దాచిపెట్టండి. పేజీలు మారిపోతాయి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబర్ 1915. జిల్లా కమిషన్‌లో అయిదు లక్షల రూపాయల లోపు కొనుగోలుకు ఫిర్యాదు రుసుము లేదు, గడువు రెండేళ్లు.