పాత బండికి కొత్త గుండె

తాతగారు నడిపిన బండి. అక్కడక్కడా రంగు వెలిసినా బాడీ మాత్రం గట్టిగానే ఉంది. వచ్చిన చిక్కల్లా ఇంజిన్‌తోనే! పొద్దున్నే పదిసార్లు తాళం తిప్పితేగానీ స్టార్టవదు. కాస్త ఎత్తు కనిపిస్తే చాలు, ఆయాసపడుతుంది. ఇలాంటి బండిని తుక్కు కింద అమ్మేయడం తప్ప ఏం చేయగలం... అనుకుంటాం. కానీ అమెరికాలో చాలామంది అలా అనుకోరు. బానెట్ ఎత్తి, పాత ఇంజిన్‌ని తీసేసి, ముప్ఫై ఏళ్ల తరవాత పుట్టిన మరో బండి ఇంజిన్‌ని అందులో కూర్చోబెడతారు. దాన్నే 'ఇంజిన్ స్వాప్' అంటారు. ఒకరకంగా ఇది బండికి చేసే గుండెమార్పిడి!

ఈ ముచ్చట ఎక్కువగా కనిపించేది పికప్ ట్రక్కుల్లో. ముందు ఒక పొడవాటి సీటు, వెనక సామాన్లకి ఖాళీ తొట్టి. పశువుల దాణా నుంచి ఇంటికి కావలసిన కలప దాకా అన్నీ అందులోనే. అందుకే అక్కడి పల్లెల్లో పికప్ అంటే ఇంట్లో మనిషి లెక్క. ముఖ్యంగా 1967 నుంచి 1972 దాకా వచ్చిన షెవర్లే సి10 అంటే అభిమానులకు మహా మక్కువ. అందంతోపాటు అందుకు మరో కారణం కూడా ఉంది. ఇనుప చట్రంమీద విడిగా బిగించిన బాడీ, బానెట్ కింద బోలెడంత ఖాళీ... మెకానిక్‌కి అంతకన్నా ఏం కావాలి!

తుక్కులో దొరికే బంగారం

సి10 కంపెనీ నుంచి వచ్చినప్పుడు మామూలు రకాల్లో ఆరు సిలిండర్ల 4.1 లీటర్ల ఇంజిన్ ఉండేది. దాని శక్తి 155 హార్స్‌పవర్ అని రాసుకునేవారు. అయితే అది ఇంజిన్‌ని విడిగా పెట్టి కొలిచిన లెక్క. అమెరికా కంపెనీలు 1972లో అసలు లెక్కకు మారేసరికి అదే ఇంజిన్ 110 దగ్గర తేలింది.

ఇక, షెవర్లే మాతృసంస్థ జనరల్ మోటార్స్ 1999లో తన పికప్‌లకు కొత్తతరం వీ8 ఇంజిన్లు తెచ్చింది. వాటిలో 5.3 లీటర్లది మొదట్లోనే 270 హార్స్‌పవర్ ఇచ్చింది. కార్బురేటర్ లేదు. కంప్యూటర్ లెక్కగట్టి ఎంత కావాలో అంతే పెట్రోలు చిమ్ముతుంది. చలికాలమైనా ఒక్క తిప్పుకే స్టార్టవుతుంది. ఈ ఇంజిన్లు లక్షల సంఖ్యలో తయారవడంతో ప్రమాదాల్లో నుజ్జయిన బండ్లలోంచి తీసినవి పాత సామాన్ల యార్డుల్లో విరివిగా దొరుకుతాయి. పైగా రెండూ ఒకే కంపెనీవి. అందుకే సి10 యజమానుల చూపు ముందు దీనిమీదే పడుతుంది.

కూర్చోబెడితే సరిపోదు

గొలుసు కప్పీతో పాత ఇంజిన్‌ని పైకి లాగేయడం ఒక్కరోజు పని. అసలు కథ ఆ తరవాతే మొదలవుతుంది. కొత్త ఇంజిన్‌ని చట్రంమీద నిలబెట్టే దిమ్మెలు పాతవాటికి కలవవు. మధ్యలో ఇనుప పలకలు బిగించాలి. ఆయిల్ ఉండే తొట్టి లోతెక్కువై కింది అడ్డదూలానికి తగులుతుంది. దానికి వేరే తొట్టి వెతకాలి. కంప్యూటర్, సెన్సర్లు, సిలిండర్‌కి ఒకటి చొప్పున ఎనిమిది కాయిల్స్... వీటన్నిటికీ వైరింగ్ వేయాలి. పాత స్పీడోమీటర్ తీగతో తిరుగుతుంది, కొత్త గేర్‌బాక్స్ కరెంటు సంకేతాలు పంపుతుంది. వాటి భాష వీటికి అర్థమయ్యే ఏర్పాటూ చేయాలి.

పెట్రోలు సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. కార్బురేటర్‌కి చదరపు అంగుళానికి ఐదారు పౌండ్ల ఒత్తిడి చాలు. కొత్త ఇంజిన్‌కి దాదాపు 58 పౌండ్లు కావాలి. పాత గొట్టాలు అంత ఒత్తిడికి ఆగవు. అన్నీ మార్చాల్సిందే. పైగా ఆ కాలపు సి10లో పెట్రోలు ట్యాంకు ఉండేది క్యాబిన్‌లోనే, సరిగ్గా సీటు వెనక! అందుకే చాలామంది ఈ పనిలో పనిగా దాన్ని వెనక తొట్టి కిందికి మార్చేస్తారు.

ఆగడం కూడా రావాలి

శక్తి పెరిగిన బండి వేగంగా పోతుంది. మరి ఆగేదెలా? సి10కి ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు 1971లోగానీ రాలేదు. అంతకుముందు నాలుగింటికీ డ్రమ్ములే. ఆ రోజుల వేగానికి అవి సరిపోయేవి. రెట్టింపు శక్తి ఉన్న ఇంజిన్‌కి చాలవు. కాబట్టి అనుభవం ఉన్న మెకానిక్కులు ఇంజిన్ కన్నా ముందు బ్రేకులు, స్టీరింగ్, సస్పెన్షన్ చూసుకోమంటారు. ఖర్చు తడిసి మోపెడయ్యేదీ ఇక్కడే. ఇంజిన్ చవగ్గానే దొరుకుతుంది... దానికి బండిని సిద్ధం చేయడమే ఖరీదు.

ఆపైన చట్టాలు. కాలిఫోర్నియాలో 1975, అంతకుముందు మోడళ్ల పెట్రోలు బండ్లకు పొగ తనిఖీ లేదు. 1976 నుంచి వచ్చిన బండ్లకు ఇంజిన్ మారిస్తే మాత్రం ఆ ఇంజిన్ బండి కన్నా పాతది కాకూడదు. పొగను శుద్ధిచేసే దాని పరికరాలన్నీ వెంట రావాలి. అధీకృత కేంద్రంలో పరీక్ష నెగ్గాలి.

మన దగ్గరైతే...

పాత జీపులకూ అంబాసిడర్లకూ వేరే ఇంజిన్లు బిగించడం మన షెడ్లలోనూ కొత్తేం కాదు. కానీ ఇక్కడ నిబంధనలు గట్టివి. ఇంజిన్ నంబరు ఆర్‌సీలో ఉంటుంది. ఆర్‌సీలోని వివరాలు, తయారీ సంస్థ నిర్దేశించిన వాటికి భిన్నంగా మారిపోయేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే స్పష్టం చేసింది. పాడైన ఇంజిన్ స్థానంలో అదే రకం ఇంజిన్ పెట్టాలన్నా రవాణాశాఖ అనుమతి కావాలి. అది లేకుండా తిరిగితే ప్రమాదం జరిగిన రోజున బీమా డబ్బుకి చిక్కే! మెకానిక్ దగ్గరికి వెళ్లేముందు ఆర్టీవో ఆఫీసుకి వెళ్లడం మేలు.

ఇప్పుడు ఈ గుండెమార్పిడి మరో మలుపు తిరుగుతోంది. 2021లో ఫోర్డ్ సంస్థ 1978 నాటి తన ఎఫ్-100 పికప్‌లోంచి పెట్రోలు ఇంజిన్ తీసేసి రెండు విద్యుత్తు మోటార్లు బిగించి ప్రదర్శించింది. రెండూ కలిసి 480 హార్స్‌పవర్! అలాంటి మోటార్‌ని విడిగా 3,900 డాలర్లకు అమ్మకానికీ పెట్టింది, బ్యాటరీ మాత్రం కొనుక్కునేవాళ్లే చూసుకోవాలి. పెట్రోలైనా కరెంటైనా సూత్రం ఒక్కటే. గుండె ఒక్కటి మారిస్తే చాలదు, ఒళ్లంతా దానికి సిద్ధం కావాలి. ఆ ఓపిక ఉన్నవాళ్ల ఇంట్లో మాత్రం తాతగారి స్టీరింగ్‌మీద మనవడి చేతులు పడతాయి.