కంప్యూటరు పెట్టె తాకితే జిల్లుమంటుందేం?

కంప్యూటర్లు పెద్ద పెద్ద ఫ్యాక్టరీల్లోనే తయారవుతాయని మీలో చాలామంది అనుకుంటూ ఉంటారు. అక్కడ తయారయ్యేవి భాగాలు. వాటిని ఒక పెట్టెలో బిగించి తీగలు కలపడం మాత్రం స్క్రూడ్రైవరు పట్టడం వచ్చిన ఎవరైనా చేయగల పని. బందరులోనో గుడివాడలోనో దుకాణదారు చేసేదీ అదే. విజయవాడ నుంచో, సికిందరాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచో భాగాలు తెప్పించి బిగించి ఇస్తాడు. ఆ పని మీరే చేసుకుంటే మిగిలే డబ్బు కొంచెమే. కాని రేపు అది ఆగిపోయిననాడు ఏ భాగం చెడిందో మీరే పట్టుకోగలుగుతారు.

మొదట చూడవలసింది పొంతన. ప్రాసెసరును కంప్యూటరుకు మెదడు అంటారు. నాకా పోలిక అంతగా నచ్చదు. అది కూడికలూ పోలికలూ మహావేగంగా చేసే యంత్రం, అంతే. మదర్‌బోర్డు మీద అది కూర్చునే గూటిని సాకెట్ అంటారు. ఇంటెల్ 12, 13, 14వ తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు ఎల్.జి.ఎ. 1700 గూడు కావాలి. 1700 అంటే ఆ గూటిలో ఉండే సన్నటి పిన్నుల సంఖ్య. ఎ.ఎం.డి. రైజెన్ 5000 వరుసకు ఎ.ఎం.4, 7000 వరుసకు ఎ.ఎం.5. మెమొరీ కూడా అంతే. డి.డి.ఆర్.4 పలకకూ డి.డి.ఆర్.5 పలకకూ అంచున ఉండే గాడి ఒకచోట ఉండదు. ఒకటి రెండోదాని గాడిలో దిగనే దిగదు. ఇంకో సంగతి. పేరు చివర ‘ఎఫ్’ ఉన్న ఇంటెల్ ప్రాసెసరులో బొమ్మ చూపించే భాగం పనిచేయదు. చవకగా వస్తోందని అది కొంటే వేరే గ్రాఫిక్స్ కార్డు కూడా కొనాలి. చదువుకోడానికి, ప్రోగ్రాములు రాసుకోడానికి ఆ ఖర్చు అనవసరం.

ప్రాసెసరు గురించి పిల్లలు గంటలకొద్దీ వాదించుకుంటారు. పెట్టె వెనక మూలన బిగించే ఇనప డబ్బాను మాత్రం దుకాణదారు ఏదిస్తే అదే తెచ్చుకుంటారు. దాని పేరు ఎస్.ఎం.పి.ఎస్. గోడ నుంచి వచ్చే 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తును అది 12, 5, 3.3 వోల్టుల ఏకముఖ విద్యుత్తుగా మారుస్తుంది. మిగతా భాగాల ప్రాణం దాని చేతిలో ఉంది.

దాన్ని ఎలా ఎంచుకోవాలి? డబ్బా మీద పెద్ద అక్షరాలతో ‘450 వాట్లు’ అని ఉంటే నమ్మకండి. పక్కనే చిన్న పట్టిక ఉంటుంది. అందులో 12 వోల్టుల కింద ఎన్ని ఆంపియర్లో చూడండి. సామర్థ్యం అంటే వోల్టేజి ఇంటూ విద్యుత్ ప్రవాహం అని మీకు తెలుసు. 16 ఆంపియర్లని ఉంటే 12 × 16 = 192 వాట్లు. 36 ఆంపియర్లని ఉంటే 432 వాట్లు. ప్రాసెసరూ ఫ్యాన్లూ వాడుకునేది ముఖ్యంగా ఈ 12 వోల్టులనే. రెండు డబ్బాల మీదా ఒకే పేరు ఉండవచ్చు, ఒకటి రెండోదానిలో సగమైనా ఇవ్వలేకపోవచ్చు. ‘65 వాట్లు’ అని రాసి ఉన్న ప్రాసెసరు కూడా పని ఎక్కువైనప్పుడు కాసేపు 100 వాట్లు దాటి తీసుకోగలదు. కనుక కొంత మిగులు ఉండేలా కొనాలి. ఎస్.ఎం.పి.ఎస్. మూత మాత్రం ఎన్నడూ విప్పకండి. లోపలి కెపాసిటర్‌లో 325 వోల్టుల దాకా నిలవ ఉంటుంది. ప్లగ్గు పీకిన తరువాత కూడా కొంతసేపు ప్రాణాంతకమే.

ఇప్పుడు అసలు విషయం. కంప్యూటరు పెట్టె వెనక వేలు తగిలితే జిల్లుమనడం మీలో ఎందరో ఎరుగుదురు. టెస్టరు పెడితే వెలుగుతుంది కూడా. ఎందుకు? ఎస్.ఎం.పి.ఎస్.లో ఫేజు తీగ నుంచి పెట్టె ఇనుముకు ఒక చిన్న కెపాసిటరు, న్యూట్రల్ నుంచి మరొకటి ఉంటాయి. విద్యుత్తులోని చిల్లర అలజడులను భూమిలోకి పంపడం వాటి పని. ఎర్తు తీగ లేదనుకోండి. అప్పుడు ఇనుము ఈ రెండింటి నడుమ వేలాడుతుంది. 230లో సగం, అంటే సుమారు 115 వోల్టులు దానిమీద నిలుస్తాయి. ప్రవాహం మిల్లీ ఆంపియరులో కొద్ది భాగమే కనుక జిల్లుమని ఊరుకుంటుంది. కాని లోపల ఏ తీగ తొడుగో ఊడి ఫేజు పెట్టెకు తగిలిందా, ఇక అది 230 వోల్టులే. ఎర్తు ఉంటే ప్రవాహం అటు పోయి ఫ్యూజు ఎగిరిపోతుంది. లేకపోతే ఆ దారి మీ శరీరమే. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్ను పొడవుగా ఎందుకుంటుందో గమనించారా? మిగతా రెండూ తగలకముందే అది తగలాలి. ఆ పిన్ను విరగ్గొట్టి రెండు కన్నాల్లో దూర్చేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది.

ఎర్తు గుంటలో బొగ్గూ ఉప్పూ వేయడం చూసే ఉంటారు. తేమా ఉప్పూ ఉన్న నేల విద్యుత్తును బాగా పోనిస్తుంది. నాగాయలంక, కోడూరు వైపు చాలాచోట్ల ఆ ఉప్పు నేలలోనే ఉంది! అయితే అదే ఉప్పు గుంటలోని ఇనప గొట్టాన్ని త్వరగా తినేస్తుంది. కొన్నేళ్ల కింద వేసిన ఎర్తు ఇంకా ఉందనుకోవడం పొరపాటు. కంప్యూటరు కొనేముందు ఎలక్ట్రీషియను చేత పరీక్ష చేయించండి. ఎర్తు కన్నంలో టెస్టరు వెలగనంత మాత్రాన ఎర్తు ఉన్నట్టు కాదు, తీగ తెగిపోయినా వెలగదు.

సముద్రపు గాలిలోని ఉప్పు పెట్టె లోపలికీ వస్తుంది. రాగికి చిలుము, ఇనుముకు తుప్పు పట్టిస్తుంది. మెమొరీ పలక అంచున పచ్చగా మెరిసే గీతలు బంగారు పూత. చిలకలపూడి రోల్డుగోల్డు నగల మాదిరి, కింద రాగి, పైన పలచని బంగారం. బంగారానికి తుప్పు పట్టదు. ఆ అంచును పెన్సిలు రబ్బరుతో గట్టిగా రుద్దే అలవాటు కొందరికి ఉంది. అలా రుద్దితే మురికితో పాటు పూత కూడా అరుగుతుంది. వాడకుండా మూసిపెట్టిన యంత్రానికి తేమ బెడద ఎక్కువ. రోజూ వాడేది కొంచెం వెచ్చగా ఉంటుంది కనుక తేమ నిలవదు.

బిగించేటప్పుడు పెద్దలెవరైనా పక్కన ఉండాలి. ప్లగ్గు పీకే ఉండాలి. పెట్టె ఇనుమును మధ్యమధ్య చేత్తో తాకండి. స్థిర విద్యుత్తు మనకు చురుక్కుమని తెలియాలంటే సుమారు 3000 వోల్టులు కావాలి, చిప్పు చెడడానికి కొన్ని వందలు చాలు. మన తేమగాలిలో ఆ భయం తక్కువే కాని లేకపోలేదు. ప్రాసెసరు మూల ఉన్న త్రికోణం గుర్తును గూటి గుర్తుతో కలిపి వదిలేయండి, నొక్కకండి. దానిమీద బఠాణీ గింజంత థర్మల్ పేస్టు వేయాలి. లోహాలు ఎంత నునుపుగా కనిపించినా నడుమ గాలి సందులుంటాయి, గాలి అధమ ఉష్ణవాహకం. ఆ సందులను పేస్టు పూడుస్తుంది. తరువాత కూలరు, మెమొరీ, ఎస్.ఎస్.డి., చివర తీగలు. ప్రాసెసరు పక్కనుండే ఎనిమిది పిన్నుల తీగను మరిచేవారు చాలామంది. అది లేకపోతే ఫ్యాన్లు తిరిగినా తెరమీద ఏమీ రాదు.

మొదటిసారి వేయగానే సెటప్ తెరలోకి వెళ్లి ప్రాసెసరు ఉష్ణోగ్రత చూడండి. 40, 50 డిగ్రీల దగ్గర నిలిస్తే మంచిదే. చూస్తుండగానే 90 వైపు పరుగెడితే వెంటనే ఆపి, ప్లగ్గు పీకి, కూలరు విప్పండి. దాని అడుగున అంటించి ఉన్న పలచని ప్లాస్టిక్ పొర తీయడం మరిచిపోయి ఉంటారు.