పాత ఆటోకు తుప్పు పట్టిందా? రంగు కొట్టించే ముందు ఇది చదవండి



‘ఆటో డ్రైవర్ల సేవలో’ పథకం కింద అందే రూ.15,000 ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్, మరమ్మతుల ఖర్చులకు అక్కరకొస్తాయి. బండికి ఎనిమిదేళ్లు దాటితే ఏటా ఫిట్‌నెస్ చేయించాల్సిందే. గడువు దగ్గరపడగానే కొందరు తుప్పు మీదే పుట్టీ పూసి రంగు కొట్టించేస్తారు. పైకి కొత్త బండిలా మెరుస్తుంది. లోపల మాత్రం తుప్పు తింటూనే ఉంటుంది. కొన్నాళ్లకు రంగు పెచ్చులుగా లేస్తుంది, డబ్బు నీళ్లపాలవుతుంది.

తుప్పు ఎందుకు పడుతుంది?
ఇనుముకు నీరు, గాలి రెండూ తగిలితే పడుతుంది. ఉప్పు తోడైతే ఇంకా వేగంగా పెరుగుతుంది. అందుకే కాకినాడ, మచిలీపట్నం, విశాఖ లాంటి సముద్రతీర ఊళ్లలో తిరిగే బండ్లను మంచినీళ్లతో తరచూ కడగాలి.

ఎక్కడ చూడాలి?
మ్యాట్ తీసి ఫ్లోర్, సీటు కింద, మడ్‌గార్డు లోపల చూడండి. స్క్రూడ్రైవర్‌తో పొడవండి. గట్టిగా ఉంటే పైతుప్పే, గీకితే పోతుంది. మెత్తగా దిగబడితే ఆ రేకు పనికిరాదు. కోసి కొత్త రేకు వేయించాలి. ప్రయాణికులు కాళ్లు పెట్టేది అక్కడే, పుట్టీతో కప్పేయొద్దు.

పని వరుస
1. కడిగి పూర్తిగా ఆరనివ్వండి.
2. వైరు బ్రష్‌తో, తర్వాత 80 నంబరు, ఆపై 120 నంబరు ఎమరీ పేపర్‌తో తెల్లటి ఇనుము కనిపించేదాకా రుద్దండి.
3. గుంతల్లో మిగిలిన తుప్పుకు రస్ట్ కన్వర్టర్ పూయండి. అందులో ఆమ్లం ఉంటుంది; చేతికి గ్లౌజులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి.
4. దుమ్ము, జిడ్డు తుడిచి, ఆ రోజే ప్రైమర్ కొట్టించండి. రాత్రంతా వదిలేస్తే తేమకు మళ్లీ తుప్పు మొదలవుతుంది.
5. ప్రైమర్ ఆరాక అవసరమైన చోట పలుచగా పుట్టీ, ఆపైన రంగు. ముసురు పట్టిన రోజు ఈ పని పెట్టుకోవద్దు.

ఇవి మరవొద్దు
• ఛాసిస్ నంబరును గీకొద్దు, పుట్టీతో కప్పొద్దు. నంబరు చదవలేకపోతే తనిఖీలో ఇబ్బంది.
• సీఎన్‌జీ, ఎల్పీజీ బండి అయితే సిలిండర్ దగ్గర వెల్డింగ్ చేయించొద్దు. సిలిండర్‌కే తుప్పు పడితే ఆమోదం ఉన్న టెస్టింగ్ కేంద్రంలో చూపించండి.
• వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ వైర్లు తీసేయండి.
• ఫ్లోర్‌లో నీరు పోయే రంధ్రాలను మూయొద్దు.

పెయింటర్‌తో బేరం కుదిరేటప్పుడే చెప్పండి: “ప్రైమర్ కొట్టే ముందు నాకు చూపించాలి.” ఆ ఒక్క మాటతో మీ డబ్బుకు ఫలితం దక్కుతుంది.