కార్తె తప్పుతున్న వానలు: కడప జిల్లా చిన్న రైతుల రాబడికి గండి

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల రైతులకు వానలోటు కొత్త కాదు. కడప జిల్లాలో సాలుకు కురిసే సగటు వర్షం సుమారు 700 మిల్లీమీటర్లే. 1876–78 నాటి ధాత కరువు మొదలు ఎన్నో కరువులను ఈ సీమ చూసింది. ఇప్పటి చిక్కు వేరు. ఏడాది మొత్తం లెక్క సరిపోయినట్లే కనిపించినా వాన కురవవలసిన కార్తెలో మొండికేసి, పంట చేతికందే వేళ కుండపోతగా కురుస్తున్నది. ఈ తేడా దిగుబడితో ఆగడం లేదు. సరుకు మార్కెట్టుకు వచ్చే వేళను, దాని నాణ్యతను, చివరకు రైతు ఇంటికి చేరే రొక్కాన్ని మార్చివేస్తున్నది.

గాలి ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే సుమారు 7 శాతం అదనంగా తేమను పట్టి ఉంచగలదు. ఆ తేమ దిగినపుడు ఒక్కుమ్మడిగా దిగుతుంది. మధ్యలో ఎండ విరామాలు సాగుతాయి. ఫలానా వానకు, ఫలానా కరువుకు ఇదొక్కటే కారణమని చెప్పలేము. ఎల్‌నినో వంటివి వెనుకటి నుంచీ ఉన్నవే. అయితే ఈ రెండు విపరీతాలు ఇటీవల దగ్గర దగ్గరగా వచ్చాయి. 2019 సెప్టెంబరులో కుందూ పొంగింది. 2020 నవంబరులో నివర్ తుపాను వచ్చింది. 2021 నవంబరు 19న, అప్పటి కడప జిల్లాలోనే, చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. 2023 ఆగస్టులో దేశం మొత్తం మీద 36 శాతం లోటు పడింది. 1901 నుంచి ఉన్న రికార్డులలో అంత పొడి ఆగస్టు లేదు.

శనగకు పదునే పెట్టుబడి

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు చుట్టుపట్ల నల్లరేగడి భూములలో నేడు రబీ అంటే ముఖ్యంగా బుడ్డశనగే. ఒకప్పుడు ఈ నేలల్లో విస్తారంగా వేసిన పొద్దుతిరుగుడు తెగులుకు, ధరల పతనానికి వెనుకబడింది. జబల్పూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం, ఇక్రిశాట్ కలిసి రూపొందించగా 1999లో విడుదలైన జేజీ–11 రకం ఆ స్థానాన్ని ఆక్రమించింది. సుమారు వంద రోజుల పంట కావడం, ఎండు తెగులును తట్టుకోవడం, గింజ ఆకర్షణగా ఉండి వర్తకులకు నచ్చడం దీనికి కలిసి వచ్చాయి.

ఈ పంటకు నీరు పెట్టరు. చిత్త, స్వాతి కార్తెలలో నేలలో దాగిన పదును మీద గొర్రుతో విత్తితే, ఆ తడితోనూ రాత్రి మంచుతోనూ గింజ కట్టాలి. చిత్తలో వాన ముఖం చాటేస్తే విత్తు విశాఖ కార్తెకు జరుగుతుంది. విత్తిన వెంటనే ముసురు పడితే మొలక కుళ్లి, రెండోసారి విత్తనం కొనవలసి వస్తుంది. ఆలస్యంగా విత్తిన పైరు ఫిబ్రవరి ఎండల్లో పూతకు, కాయకు వస్తుంది. పగటి వేడి 35 డిగ్రీల వైపు జరిగితే పూత నిలవదు. నిలిచిన కాయలో గింజ సన్నబడుతుంది.

లెక్క చూస్తే విషయం స్పష్టమవుతుంది. 2025 రబీలో విత్తిన శనగకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు రూ. 5,875. ఎకరానికి 6 క్వింటాళ్లు పండితే ఆ లెక్కన రూ. 35,250 వస్తుంది. 3 క్వింటాళ్లే పండితే వచ్చేది రూ. 17,625. దుక్కి, విత్తనం, మందులు, గుత్త మాత్రం రెండింటికీ దాదాపు ఒకటే. దిగుబడి సగమైన రైతుకు అదే రాబడి రావాలంటే క్వింటాలు రూ. 11,750 పలకాలి.

వాన ఇక్కడిది, ధర అక్కడిది

పంట తగ్గితే ధర ఎక్కుతుందన్నది వాణిజ్యంలో మొదటి పాఠం. కడప శనగ రైతుకు ఆ పాఠం పనికిరావడం లేదు. శనగ ధరను నిలిపేది మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, రాజస్థాన్ మండీలు, ఆస్ట్రేలియా ఓడలు, ఢిల్లీలో తీసుకునే సుంకం నిర్ణయాలు. జమ్మలమడుగులో పంట సగమైనా ఉత్తరాదిన దండిగా పండితే ఇక్కడి ధరలో బిగువు రాదు. 2018 మార్చిలో శనగ దిగుమతిపై 60 శాతానికి పెంచిన సుంకాన్ని 2024 మేలో దేశవాళీ శనగకు ఎత్తివేశారు. 2025 ఏప్రిల్ నుంచి 10 శాతం విధించారు. శనగపిండి మిల్లులు శనగకు బదులుగా వాడే పసుపు బఠాణీ 2023 డిసెంబరు నుంచి సుంకం లేకుండానే దిగింది. 2025 నవంబరు 1 నుంచి దానిపై 30 శాతం పడింది.

ఈ ప్రాంతానికి ఇంతకాలం ఒక సౌలభ్యం ఉండేది. ఇక్కడి శనగ జనవరి, ఫిబ్రవరిలోనే మార్కెట్టుకు వచ్చి, ఉత్తరాది సరుకు మార్చిలో వెల్లువెత్తక మునుపే అమ్ముడయ్యేది. విత్తు మూడు వారాలు జరిగితే ఆ ముందస్తు బేరం చేజారుతుంది. రైతు తక్కువ సరుకుతో, ఎక్కువ రద్దీలో, మందకొడి మార్కెట్టులో నిలబడవలసి వస్తుంది. కార్తె తప్పడంలోని రెండో దెబ్బ ఇదే.

నిల్వ పెట్టి కాచుకోవడం అందరికీ సాధ్యం కాదు. 2013 తరువాత ధర లేక రాయలసీమ, ప్రకాశం రైతులు శనగ బస్తాలను ఏళ్ల తరబడి గిడ్డంగులలో ఉంచారు. బాడుగ, వడ్డీ పెరిగి పలువురు 2016 నాటి గొప్ప ధర రాకముందే తెగనమ్ముకున్నారు. ఓపిక పట్టగలిగినవారికే ఆ ధర దక్కింది. 2015–16 వ్యవసాయ గణన ప్రకారం రాష్ట్రంలో సగటు కమతం 0.94 హెక్టారు, అంటే రెండున్నర ఎకరాలకు లోపు. అంత చిన్న కమతం మీద బతికేవానికి ఓపిక కూడ పెట్టుబడితో సమానమే.

వేరుశనగ, పత్తి

పులివెందుల వైపు ఎర్రనేలల్లో మెట్ట వేరుశనగది మరొక కథ. పునర్వసు కార్తెలో విత్తిన పైరుకు ఆగస్టులో ఊడలు దిగే వేళ నేల మెత్తగా ఉండాలి. 2023లో వలె ఆ నెల ఎండిపోతే ఊడ నేలలోకి దిగదు. పంట చివరి దశలో బెట్ట తగిలి, పీకిన కట్టె వానకు తడిస్తే కాయకు బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. ఎగుమతిదారు అటువంటి సరుకును ముట్టడు. 2025–26కు మద్దతు ధర రూ. 7,263 అయినా, నూనె మిల్లు వారి బేరం పామాయిలు దిగుమతులను బట్టి నడుస్తుంది. ముడి వంటనూనెలపై మూల సుంకాన్ని 2025 మే చివర 20 నుంచి 10 శాతానికి తగ్గించారు.

పత్తిలో నష్టం తూకం వద్ద తేలుతుంది. కాటన్ కార్పొరేషన్ 8 శాతం తేమకు పూర్తి మద్దతు ధర ఇస్తుంది. 12 శాతం వరకు కోత విధించి కొంటుంది, ఆపైన కొనదు. తీతల వేళ తుపాను పడితే, తడిసిన పత్తిని ఆరబెట్టే చోటు లేని రైతు ప్రైవేటు వర్తకుడు చెప్పిన ధరకే ఇచ్చి వెళ్తాడు.

చీనీ, అరటి

చీనీ చెట్టును కొంతకాలం బెట్టకు వదిలి, తిరిగి నీరు పెడితేనే పూత ఒక్కసారిగా వస్తుంది. బెట్టకు వదిలిన రోజుల్లో అకాల వాన పడితే పూత చెదిరి, కాత విడతలు విడతలుగా దిగుతుంది. విడత సరుకుకు పెద్ద బేరగాడు తోటకు రాడు. చీనీకి మద్దతు ధర కూడ లేదు.

అరటి రైతుల నష్టం 2025 మార్చిలో కళ్లకు కట్టింది. అకాల వర్షంతో వచ్చిన ఈదురుగాలికి లింగాల మండలంలో కోతకు సిద్ధమైన గెలలతో తోటలు నేలవాలాయి. ఈ ప్రాంతంలో పండే జీ–9 రకం అరటికి గల్ఫ్ దేశాలలో గిరాకీ ఉన్నది. పక్కనున్న తాడిపత్రి నుంచి ముంబయి రేవుకు 2021 జనవరిలో అరటి రైలు కూడ నడిచింది. ఎగుమతి సరుకు అయినా గాలికి ఆగదు గదా.

ఈ తోటలకు ఆధారం బోర్లతో పాటు గండికోట, చిత్రావతి జలాశయాలు. గండికోట సామర్థ్యం 26.85 టీఎంసీలు, చిత్రావతిది 10 టీఎంసీలు. ఆ నీరు శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు మీదుగా రావాలి. 2023లో ఎగువన వానలు లేక శ్రీశైలం నిండలేదు. పడమటి కనుమల్లో వాన తప్పితే పులివెందుల చీనీ తోట వాడుతుంది.

చేయదగినవి

విత్తనాల వైపు కొంత దారి ఉన్నది. వేడిని తట్టుకునే జేజీ–14 శనగ, యంత్రంతో కోయడానికి అనువుగా నంద్యాల పరిశోధనా కేంద్రం తెచ్చిన ఎన్‌బీఈజీ–47 అందుబాటులో ఉన్నాయి. వాన మరీ ఆలస్యమైతే శనగకే అంటిపెట్టుకోకుండా కొంత చేను జొన్నకు వదలడం నష్టాన్ని పంచుతుంది.

బీమా సంగతి అంత తేలిక కాదు. 2016లో వచ్చిన ఫసల్ బీమా నుంచి రాష్ట్రం 2020లో వైదొలగి, 2022లో తిరిగి చేరింది. రబీ ఆహార పంటలకు రైతు వాటా ప్రీమియం 1.5 శాతమే. అయితే గుత్త రైతుకు హక్కు పత్రం కావాలంటే 2019 చట్టం ప్రకారం భూయజమాని సమ్మతి తప్పనిసరి. సంతకం దొరకనిచోట నష్టం ఒకరిది, పరిహారం మరొకరిది అవుతున్నది.

ఖర్చు లేకుండా చేయగల పని ఒకటున్నది. శనగ కొనుగోలు కేంద్రాల తేదీలను పాత కార్తెల లెక్కన కాక, ఆ ఏడు విత్తిన తేదీల లెక్కన నిర్ణయించాలి. ఈ–క్రాప్ నమోదులో ఆ వివరాలు ఉండనే ఉంటాయి. చేలో పంట ఉండగానే కేంద్రం మూతపడితే, మద్దతు ధర ఎంత పెంచినా ఆలస్యంగా విత్తిన రైతుకు అది దక్కదు.